చదువుకు కూలి

ఫెలోషిప్ అనే మాట మా గూడేనికి కొత్తది కాదు. యూనివర్శిటీ కంటే ముందే అది మా చర్చికి వచ్చింది. బుధవారం యవనస్తుల ఫెలోషిప్, శుక్రవారం ఆడవాళ్ల ఫెలోషిప్, క్రిస్మస్ ముందు నందిగామ, జగ్గయ్యపేట సంఘాలు కలిసి పందిరేస్తే అది పెద్ద ఫెలోషిప్. అందుకే నేను ఎం.ఏ. చదివే రోజుల్లో, "అమ్మా, నాకు ఫెలోషిప్ వస్తే పీహెచ్‌డీ చేస్తానే" అంటే మా అమ్మ మిరపకాయలకి తొడిమలు తీస్తా, తల కూడా ఎత్తకుండా "ఏ పాస్టరు గారిదే?" అనడిగింది.

పాస్టరు గారిది కాదమ్మా, గవర్నమెంటుది అని చెప్పాను. నెలనెలా డబ్బులిస్తారు, అది పెట్టుకుని తిని, ఊళ్లు తిరిగి, మనుషుల్ని అడిగి, పాత కాగితాలు తిరగేసి పెద్ద పుస్తకం రాయాలి అని చెప్పాను. అమ్మ చేతులాగినయ్. "అంటే సదువుకి కూలిస్తారా?" అంది.

ఆ తర్వాత పదేళ్లపాటు ఎన్ని నోటిఫికేషన్లు చదివానో లెక్కలేదు. ఆ ఇంగ్లీషు కాగితాల్లో అర్హతలున్నాయి, షరతులున్నాయి, జతపరచాల్సిన పత్రాల జాబితాలున్నాయి. ఫెలోషిప్ అంటే ఏమిటో మాత్రం మా అమ్మ చెప్పినంత తేటగా ఏ కాగితమూ చెప్పలేదు. అది కూలి. చదవటం కూడా పనే, దానికీ కూలి పడాలి. పదెకరాల మాగాణి ఉన్న ఇంట్లో కొడుకు ముప్పై ఏళ్లొచ్చినా చదూతానంటే కౌలు డబ్బులు చదివిస్తయ్. మా ఇళ్లల్లో డిగ్రీ దాకా రావటమే నలుగురు రెక్కలు విరుచుకుంటే గాని కాదు. ఇరవై మూడేళ్ల పిల్ల ఇంకో అయిదేళ్లు చదూతానంటే, అయిదేళ్ల కూలి ఎవరో ఒకరు కట్టాలి. ఎవరు కడతారన్నదే నా ఈ వ్యాసం.

మాది మెట్ట. కృష్ణా జిల్లా అనగానే బయటివాళ్లకి కాలవలు, వరిచేలు, మూడు కార్లు గుర్తొస్తయ్. ఆ కృష్ణా వేరు. మాది మిరప, పత్తి, ఒకప్పుడు జొన్న, కంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక నందిగామ, జగ్గయ్యపేట రెండూ ఎన్టీఆర్ జిల్లాలోకి పోయినయ్. కాగితం మీద జిల్లా మారింది గాని మెట్ట మెట్టగానే ఉంది. మా దగ్గర పాలేరు అంటే రెండు. జగ్గయ్యపేట పక్కన పారి కృష్ణలో కలిసే ఏరు ఒకటి. ఆసామి ఇంట్లో ఏడాది పొడుగునా పనికి కుదిరే మనిషి రెండోది. మా తాత ఆ రెండో రకం పాలేరు. మొదటి పాలేట్లో కనీసం వానాకాలమన్నా నీళ్లుంటయ్. మా తాత చేతిలో ఏ కాలంలోనూ ఏమీ ఉండేది కాదంట.

నేను పరిశోధన చెయ్యాలనుకున్నది దాని మీదే. నందిగామ మెట్టలో పాలేరుతనం ఎట్టా ఉండేది, ఎప్పుడు ఎట్టా పోయింది, పోయినచోట ఏం వచ్చింది. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. చట్టం వచ్చిన నాడే పాలేరుతనం పోలేదు. సాగర్ ఎడమ కాలవ నీళ్లు, పత్తి, సిమెంటు ఫ్యాక్టరీలు, ఎస్సీ హాస్టళ్లు, హైదరాబాదు రోడ్డు, వీటిల్లో ఏది ఎంత పని చేసిందో తేల్చి రాసిన పుస్తకం నా చేతికి ఒక్కటీ దొరకలేదు. నందిగామ నుంచి విజయవాడ పోయే దారిలోనే కంచికచర్ల. 1968లో కోటేసు అనే మా కుర్రాణ్ణి దొంగతనం అంటగట్టి నిలువునా తగలబెట్టిన ఊరు అదే. అది పార్లమెంటు దాకా పోయిన ఘోరం. ఆ ఊళ్లో పుట్టిన కలేకూరి ప్రసాద్ మా బాధకి కవిత్వం ఇచ్చాడు. మా బతుక్కి పాట ఉంది, కవిత ఉంది, కథ ఉంది. లెక్క లేదు, పట్టిక లేదు. ఏ ఏడు ఎంత మంది పాలేర్లు, ఎన్ని బస్తాల జీతం, ఎన్ని బస్తాల అప్పు, ఎవరి కొడుకు ఎప్పుడు బడికి పోయాడు అన్నది ఎవరో ఒకరు కూర్చుని రాయాలి. దానికి టైము కావాలి. టైము అంటే మా ఇళ్లల్లో డబ్బే.

మా ప్రాంతం మీద పరిశోధనే జరగలేదని అనటం లేదు. జగ్గయ్యపేట పాత పేరు బేతవోలు. దాని పక్కనున్న ధనంబోడు బౌద్ధ స్థూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ అనే స్కాట్లండు దొర తవ్వించాడు. 1887లో అమరావతి, జగ్గయ్యపేట స్థూపాల మీద ఆయన పుస్తకం అచ్చయింది. మా దిబ్బలో దొరికిన చక్రవర్తి శిల్పం మద్రాసు మ్యూజియానికి చేరింది. రాయి మీద రాయటానికి నూట నలభై ఏళ్ల కిందటే సర్కారు జీతమిచ్చి మనిషిని పంపింది. ఆ దిబ్బ తవ్విన కూలీల పేర్లు ఏ పుస్తకంలో ఉన్నయ్యో నాకు కనపడలా. వాళ్లు ఏ వాడ నుంచి వచ్చి ఉంటారో ఊహించటానికి మాత్రం పెద్ద పరిశోధన అక్కర్లేదు.

నేను ఎం.ఏ. రెండో ఏడులో ఉండగా ఒక విదేశీ యూనివర్శిటీ నుంచి ఒకాయన మా మండలానికి వచ్చాడు. పేరు అనవసరం. మంచి మనిషే. గ్రామీణ శ్రమ మీద డాక్టరేటు చేస్తున్నాడు. మా లెక్చరరు నన్ను ఆయనకి దుబాసీగా పంపారు. రోజుకి మూడొందలు, పదకొండు రోజులు. అప్పుడు మిరపకోత కూలి కంటే అది ఎక్కువ. ఆయన చేతిలో ఎనిమిది పేజీల ప్రశ్నావళి ఉండేది. మా గూడెంలో ఇంటింటికీ తిరిగాం. మా ఇంటికీ వచ్చాం. నేను ఇంగ్లీషులో ఆయన్ని విని, తెలుగులో మా అమ్మని అడిగి, మళ్లీ ఇంగ్లీషులో ఆయనకి చెప్పాలి. "మీ కుటుంబం ఎప్పుడైనా అప్పు తీసుకున్నదా? వడ్డీ ఎంత?" అని ప్రశ్న.

అమ్మ "మా మామ నాగుకి తెచ్చేవోడు" అంది.

నాగు అంటే ఏం చెప్పాలి? ఆషాఢంలో గింజలైపోతే ఆసామి గాదెలోంచి బస్తా జొన్నలు తెచ్చుకుంటారు. కోతలప్పుడు బస్తాన్నర కొలవాలి. కొలిచే మానిక ఆసామిది, తెచ్చుకునేటప్పుడు ఒక మానిక, తిరిగి కొలిచేటప్పుడు ఇంకో మానిక అని మా నాయనమ్మ చెప్పేది. ఆ బాకీ తీరదు కాబట్టి పాలేరు మరుసటేడు కూడా అక్కడే కుదరాలి. తీరకపోతే పెద్ద కొడుకు గొడ్లు కాయటానికి వెళ్లాలి. ఇదంతా నాగు అనే రెండక్షరాల్లో ఉంది. నేను అయిదు నిమిషాలు చెప్పాను. ఆయన ఓపిగ్గానే విన్నాడు. కాని ఆయన గడిలో పట్టేది ఒక అంకె. యాభై శాతం అని రాసుకున్నాడు. తప్పు లెక్క కాదు. కాని మా తాత ఆ అంకెలో లేడు.

ఆ సాయంత్రం అమ్మ "పూటకూలి పోయిందే" అంది. ఆయన మీద కోపంతో కాదు, లెక్కగా అంది. ఆ మాటతో నాకు మొత్తం లెక్క కనపడింది. అడిగేవాడికి కూలి ఉంది, మధ్యలో మాట మోసే నాకు కూలి ఉంది, చెప్పేదానికి మాత్రం పూటకూలి పోయింది. ఆయనకి మూడేళ్ల జీతం, బస్సు చార్జీలు, విజయవాడలో గది, రికార్డరు ఉన్నయ్. నాకు నాగు తెలుసు, మానిక తెలుసు, ఎవరింటికి ఏ పొద్దున పోతే మాట్లాడతారో తెలుసు. ఆయన దగ్గరున్నది నా దగ్గర లేదు, నా దగ్గరున్నది ఆయన దగ్గర లేదు. అయితే ఆయన దగ్గరున్నదాన్ని ఫెలోషిప్ అంటారు, నా దగ్గరున్నదాన్ని లోకల్ హెల్ప్ అంటారు. రెండేళ్ల తర్వాత ఆయన తన థీసిస్ నాకు పంపాడు. మా అమ్మ అందులో ఉంది. "దళిత స్త్రీ, 45 ఏళ్లు, వ్యవసాయ కూలి" అని ఉంది.

మన వాళ్లు పరిశోధన చెయ్యలేరని కాదు. గోగు శ్యామల 2003లో "నల్లపొద్దు" తెచ్చింది. ఎనభై ఏళ్ల దళిత స్త్రీల రాతల్ని ఊరూరా వెతికి ఒక చోట కూర్చిన పుస్తకం అది. అట్టాంటి పని మనిషికొకటి చొప్పున ప్రతి తాలూకాలో జరగాలి. జరగాలంటే కూలి ఎక్కడ దొరుకుతుందో చూద్దాం.

ఈ వ్యాసం చదివే విద్యార్థుల కోసం కొంచెం వివరంగా చెబుతాను. నేను చదివేటప్పుడు ఇది చెప్పినవాళ్లు లేరు.

మొదటిది జె.ఆర్.ఎఫ్. నెట్ పరీక్షలో పైవరసలో వస్తే ఇస్తారు. 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకి 37,000, తర్వాత 42,000. అద్దె వేరే, పుస్తకాలకీ ప్రయాణాలకీ వేరే. మా అమ్మ లెక్కలో చాలా మంచి కూలి. కాని గడప ఎత్తు. వయసు 30 దాటకూడదు. ఎస్సీలకి అయిదేళ్లు సడలింపు. ఆడవాళ్లకీ అయిదేళ్లు. ఎస్సీ ఆడమనిషికి పదేళ్లు అనుకునేరు, అదేం లేదు, మొత్తం కలిపి అయిదు దాటదని రాసే ఉంటుంది. రెండు బరువులు మోసేదానికీ సడలింపు ఒకటే. ఇక భాష. భాషా సబ్జెక్టులు తప్పిస్తే నెట్ పేపరు ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఉంటుంది. తెలుగు మీడియంలో చరిత్ర, సోషియాలజీ చదివిన పిల్ల ముందు ఆ ఇంగ్లీషుని జయించాలి, తర్వాత సబ్జెక్టుని. హిందీ పిల్లవాడికి ఆ మొదటి యుద్ధం లేదు.

పరీక్ష కూడా నమ్మకం లేనిదైపోయింది. 2024 జూన్ 18న జరిగిన నెట్‌ని మర్నాడే రద్దు చేశారు. తొమ్మిది లక్షల మందికి పైగా రాసిన పరీక్ష అది. మళ్లీ ఆగస్టు, సెప్టెంబరుల్లో పెట్టారు. రద్దు అని ఒక్క మాట టీవీలో అంటారు. విజయవాడ వెళ్లి రాసొచ్చిన మా మెట్ట పిల్లకి అది రెండు రోజుల కూలి, బస్సు చార్జీ, లాడ్జి ఖర్చు, ఇంకోసారి ఇంట్లో అడగాల్సిన సిగ్గు.

రెండోది ఎస్సీలకి ప్రత్యేకంగా ఇచ్చే జాతీయ ఫెలోషిప్. 2005-06లో రాజీవ్ గాంధీ పేరుతో మొదలైంది. అది వచ్చాకే మా తరం యూనివర్శిటీల్లో పీహెచ్‌డీ గదుల దాకా పోయింది. మొదట్లో దానికి నెట్ అక్కర్లేదు, పీజీ మార్కులు చూసేవాళ్లు. తర్వాత నెట్ వరసనిబట్టి ఇవ్వటం మొదలెట్టారు. ఏటా 2,000 ఇవ్వాలని పథకంలో ఉంది. అందులో 1,500 సామాజిక శాస్త్రాలు, హ్యుమానిటీస్, కామర్స్ వాళ్లకి. దేశం మొత్తానికి పదిహేనొందలు. అయినా అది మనది. మన పేరు మీద ఉన్న సీటుని మనం అడక్కపోతే మిగిలిపోయిందని లెక్క రాస్తారు.

మూడోది ఢిల్లీలోని సామాజిక శాస్త్ర పరిశోధనా మండలి ఇచ్చే డాక్టొరల్ ఫెలోషిప్. 1969లో పెట్టిన సంస్థ. దాని దక్షిణ ప్రాంత కేంద్రం హైదరాబాదులో ఉస్మానియా యూనివర్శిటీలోనే ఉంది. పీహెచ్‌డీ అయిపోయాక కొత్త పరిశోధకులకి ఇచ్చే పోస్ట్ డాక్టొరల్ ఫెలోషిప్పులు కూడా దానికున్నయ్. మా వైపు పిల్లలు దీని పేరే వినరు. గూడెం దాకా వచ్చే నోటిఫికేషన్ కానిస్టేబులు నోటిఫికేషనే.

ఇవేవీ రానివాళ్లకి సెంట్రల్ యూనివర్శిటీల్లో నెట్ లేని ఫెలోషిప్ ఉంది. పీహెచ్‌డీకి నెలకి ఎనిమిది వేలు. 2015 అక్టోబరులో దాన్ని ఎత్తేస్తామంటే ఢిల్లీలో యూజీసీ ఆఫీసు ముందు పిల్లలు రోజుల తరబడి కూర్చున్నారు, లాఠీలు తిన్నారు, చివరికి నిలబెట్టుకున్నారు. స్టేట్ యూనివర్శిటీలో చేరిన పిల్లకి ఆ ఎనిమిది వేలూ లేవు. మా మెట్ట పిల్లలు ఎక్కువమంది చేరేది స్టేట్ యూనివర్శిటీల్లోనే.

కూలి కుదిరితే సరిపోదు, చేతికి అందాలి. మా తాతలకి తెలిసిన సంగతే ఇది. రోహిత్ వేముల 2016 జనవరి 17న హైదరాబాదు సెంట్రల్ యూనివర్శిటీలో చనిపోయాడు. అతను రాసిపెట్టిన చివరి ఉత్తరంలో తనకి ఏడు నెలల ఫెలోషిప్ రావాలని, లక్షా డెబ్భై అయిదు వేలని, అది తన ఇంటివాళ్లకి చేరేట్టు చూడమని ఉంది. ఆ ఉత్తరం మీద ఎంతోమంది ఎన్నో రాశారు. నేను బడిలో పదో తరగతికి సోషల్ చెప్పేదాన్ని, లెక్కల మనిషిని కాదు. కాని నేను చాలాసార్లు ఆ లెక్క దగ్గరే ఆగిపోయాను. నెలకి పాతిక వేలు, ఏడు నెలలు. గుంటూరు పిల్లవాడు, కుట్టుమిషను మీద పెంచిన తల్లి. తన చావు ముందర కూడా అతను రావాల్సిన కూలి లెక్కగట్టి ఇంటికి రాశాడు. మా ఇళ్లల్లో పుట్టినవాడు అట్టాగే రాస్తాడు. ఫెలోషిప్ డబ్బుని జేబుఖర్చు అనుకునేవాళ్లకి ఆ వాక్యం అర్థం కాదు.

ఇప్పుడు విదేశీ చదువు సంగతి. ఎస్సీ పిల్లల్ని సర్కారు ఖర్చుతో బయటి దేశాలకి పంపే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ 1954-55 నుంచి ఉంది. 2022 ఫిబ్రవరిలో దాని నిబంధనలు మార్చారు. భారతదేశ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, ఇక్కడి సమాజం మీద చేసే పరిశోధనలకి ఈ డబ్బు ఇవ్వం అన్నారు. ఇక్కడి సంగతులు ఇక్కడే చదువుకోవచ్చు గదా అని సమాధానం చెప్పారు. ఇంజనీరింగు చదవండి, మేనేజిమెంటు చదవండి, కులం గురించి మాత్రం మా డబ్బుతో బయట రాయొద్దు అన్నట్టే నాకు వినపడింది.

వందేళ్లు వెనక్కి పోదాం. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇరవై రెండేళ్ల అంబేడ్కర్‌కి నెలకి పదకొండున్నర పౌన్ల చొప్పున మూడేళ్లు స్కాలర్‌షిప్ ఇచ్చాడు. ఆయన న్యూయార్కులో కొలంబియా యూనివర్శిటీలో చేరాడు. 1916 మే 9న అక్కడి ఒక సెమినారులో భారతదేశంలో కులాల పుట్టుక మీద పత్రం చదివాడు. అప్పటికి ఆయనకి పాతికేళ్లు. తర్వాత జీవితమంతా ఆయన చేసిన పోరాటానికి అక్కడొక పునాది పడింది. 2022 నాటి నిబంధన 1913లో బరోడాలో ఉండి ఉంటే, ఆ కుర్రాడు కులం మీద పరిశోధన చెయ్యటానికి దరఖాస్తు పెడితే, ఆ కాగితం బల్ల దగ్గరే తిరిగొచ్చేది. నీలం కోటు వేసుకున్న విగ్రహానికి ఏప్రిల్ 14న దండ వేసే ప్రతి ఆఫీసరూ ఈ ఒక్క సంగతి ఆలోచించాలి. ఆ విగ్రహం చేతిలో ఉన్న పుస్తకం వెనకాల ఒక స్కాలర్‌షిప్ ఉంది.

కూలికి బదులు చాకిరీ అడగటం అప్పుడూ ఉంది. చదువు ముగిశాక పదేళ్లు బరోడాలో ఉద్యోగం చెయ్యాలని అంబేడ్కర్ రాసిచ్చాడు. 1917లో వెళ్లాడు. ఆ ఊళ్లో ఉండటానికి ఇల్లు దొరకలేదు. కొలంబియా చదువున్నా అద్దెకి గది లేదు. ఆ బాధ తెలిసిన మనిషి కాబట్టే, తనకి అధికారం దొరికిన రోజు, వైస్రాయి కౌన్సిల్లో ఉండగా, 1944లో మన పిల్లలకి కాలేజీ స్కాలర్‌షిప్పులు మొదలయ్యేట్టు చేశాడు. నేను డిగ్రీ చదివింది అట్టా మొదలైన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మీదే. ఒక మనిషికి దక్కిన కూలి లక్షలమందికి ఎట్టా కూలి అయిందో చూడండి.

ఇక నా సంగతి. ఎం.ఏ. అయ్యాక పీహెచ్‌డీ సీటు కోసం ఒక యూనివర్శిటీకి మూడేళ్లు తిరిగాను. ఫెలోషిప్ డబ్బు పడాలంటే ముందు రిజిస్ట్రేషన్ ఉండాలి. రిజిస్ట్రేషన్ కావాలంటే గైడు ఒప్పుకోవాలి. ఒక ప్రొఫెసరు నా కాగితం చూసి "పాలేర్ల మీద రిఫరెన్సులేం ఉన్నాయమ్మా? పుస్తకాలున్న టాపిక్కు తీసుకో" అన్నాడు. పుస్తకాల్లేవు కాబట్టే రాస్తానంటున్నానండీ అన్నాను. ఆయన నవ్వి పక్క కాగితం తీసుకున్నాడు. ఆ ఏడే మా నాయనకి కిడ్నీలు పాడైనయ్. నేను బి.ఇడి. చేసి, డీఎస్సీ రాసి, ఉద్యోగంలో చేరాను. మా వంశంలో మొదటి సర్కారు జీతం నాది. మా నాయన మందులు, తమ్ముడి ఐటిఐ, ఇంటి పైకప్పు, అన్నీ ఆ జీతంలోంచే. ఆ రోజు ఉద్యోగం వదిలి పరిశోధన ఎంచుకోమని నాకు చెప్పగలిగిన మనిషి ఎవరూ లేరు, ఉన్నా నేను వినేదాన్ని కాదు.

2022 నవంబరులో యూజీసీ మార్చిన పీహెచ్‌డీ నిబంధనల్లో పార్ట్‌టైముకి దారి ఉంది. ఉద్యోగం చేసుకుంటానే చెయ్యొచ్చు. ఆరేళ్లలో ముగించాలి, ఆడవాళ్లకి ఇంకో రెండేళ్లు అదనం. పని చేసే చోటు నుంచి అభ్యంతరం లేదని పత్రం తెచ్చుకోవాలి. ప్రవేశ పరీక్ష రాశాను, సీటొచ్చింది. ఈసారి దొరికిన గైడు మేడం పాలేరు అనగానే కుర్చీ ముందుకు జరుపుకుని "చెప్పమ్మా" అన్నారు. అభ్యంతరం లేదనే పత్రం మాత్రం ఒక ఆఫీసులో పద్నాలుగు నెలలు బల్లలు తిరిగింది. ప్రతిసారీ ఇంకో కాగితం. ఒక పెద్దాయన "ఇంక్రిమెంటన్నా రాదుగదమ్మా, నీకెందుకీ గోల?" అన్నాడు. ఆయన చెడ్డగా అనలేదు. లాభం లేకుండా చదివే మాదిగామెని ఆయన ఎప్పుడూ చూసి ఉండడు.

పార్ట్‌టైము వాళ్లకి ఏ ఫెలోషిప్పూ లేదు. జె.ఆర్.ఎఫ్. పూర్తికాలం చదివేవాళ్లకే. నా వయసు ఇప్పుడు 36, అది ఎట్టాగూ దాటింది. కాలేజీ లెక్చరర్లు జీతంతో పాటు సెలవు తీసుకుని పీహెచ్‌డీ చేసుకోవటానికి యూజీసీ ఎన్నో ఏళ్లు ఒక పథకం నడిపింది. బడి పంతుళ్లు అందులో లేరు. పల్లెలో ఇరవై ఏళ్లు పాఠం చెప్పి, ఊరి ప్రతి ఇల్లూ తెలిసిన మనిషి పరిశోధకుడు కావొచ్చని ఎవరికీ తట్టలేదు. మొదటి తరం చదువుకున్న దళితులు ఎక్కువమంది చేరింది బళ్లలోనే. వాళ్లని వదిలేస్తే మా చరిత్ర రాసేవాళ్లని వదిలేసినట్టే. ఉద్యోగంలో ఉన్న ఎస్సీ, ఎస్టీ టీచర్లకి జీతంతో రెండేళ్ల పరిశోధనా సెలవు ఇవ్వాలి, స్టేట్ యూనివర్శిటీల్లో చేరిన ప్రతి దళిత పరిశోధకుడికీ నెలకింత అని ఇవ్వాలి, నెట్ పేపరు తెలుగులోనూ ఉండాలి, ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో మన సమాజం మీద పెట్టిన నిషేధం పోవాలి. సంఘాలు హాస్టలు మెస్ చార్జీల కోసం కొట్లాడినట్టే వీటి కోసమూ కొట్లాడాలి. మెస్ చార్జీ పిల్లవాణ్ణి పదో తరగతి దాటిస్తుంది. ఆ పై అన్నం ఫెలోషిప్.

ఈలోపు పిల్లలకి నేను చెప్పేది ఒకటే. డిగ్రీ ఆఖరేట్లోనే కులం పత్రం, ఆదాయం పత్రం తీసి పెట్టుకోండి. ఆధార్లో పేరు, టెంత్ మెమోలో పేరు ఒకటేనా చూసుకోండి, మా పిల్లల కాగితాలు ఎక్కువ ఆగేది అక్కడే. నెట్ ఏటా రెండుసార్లు ఉంటుంది, ఎం.ఏ. మొదటేడు నుంచే పాత పేపర్లు చెయ్యండి. మీ ఊరి మీద టాపిక్కు అడగటానికి సిగ్గుపడొద్దు. ఒకరికొచ్చిన నోటిఫికేషన్ పదిమందికి చెప్పండి. మా బడిలో నేను గోడకి ఒక అట్ట కట్టాను. కానిస్టేబులు నోటిఫికేషన్ పక్కనే ఫెలోషిప్ నోటిఫికేషన్ కూడా అంటిస్తాను. తొమ్మిదో తరగతి పిల్లలకి అది ఎందుకని హెడ్మాస్టరు గారు అడిగారు. చూసుకుంటా పెరుగుతారు లెండి సార్ అన్నాను.

నా పని ఆదివారాలు నడుస్తోంది. మొదట మునేటి ఒడ్డున ఉన్న అయిదు ఊళ్లల్లో, ఒకప్పుడు పాలేరుగా ఉండి డెబ్భై ఏళ్లు దాటిన మనుషులు ఎవరెవరున్నారో అడిగి రాసుకున్నాను. ఇరవై మూడు పేర్లొచ్చినయ్. ప్రతి మనిషి దగ్గరా కనీసం నాలుగుసార్లు కూర్చోవాలి. మొదటిసారి వాళ్లు మంచే చెప్తారు, ఆసామి అన్నం పెట్టాడని చెప్తారు. రెండోసారి కొలతలు చెప్తారు. మూడోసారికి గాని దెబ్బలు చెప్పరు. నాలుగోసారి వాళ్ల ఆడవాళ్లు మాట్లాడతారు. పూటకూలి పోయే మనిషికి ఆ పూటకూలి నేనిస్తాను, అది నా నియమం. పొద్దున పదింటికి బస్సు దిగితే సాయంత్రానికి ఒక్క మనిషి. నెలకి నాలుగు ఆదివారాలు. అందులో ఒకటి మా పాప జ్వరానికి పోతుంది, ఇంకోటి ఎలక్షన్ డ్యూటీకో ట్రైనింగుకో పోతుంది. హైదరాబాదు తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్‌లో పాత రికార్డులు చూడాలంటే ఆదివారం అది మూసే ఉంటుంది.

రెండేళ్లలో ఆ ఇరవై మూడు మందిలో తొమ్మిది మంది చనిపోయారు. నలుగురి మాటలే నా దగ్గర పూర్తిగా ఉన్నయ్. అయిదుగురు మొదటిసారి చెప్పే మంచి మాటల దగ్గరే ఆగిపోయారు. వాళ్ల లెక్కలో అన్నం పెట్టిన ఆసామే మిగిలాడు.

అందుకని వచ్చే జూన్ నుంచి ఏడాదిపాటు జీతం లేని సెలవు పెట్టాను. మా ఆయన సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మనిషి. ఇద్దరం కూర్చుని లెక్కేశాం. పాప ఫీజు, ఇంటి లోను, అమ్మ బీపీ బిళ్లలు, ఆటో చార్జీలు, పూటకూళ్లు. చీటీ పాడితే తొమ్మిది నెలలు వస్తుంది. మిగతా మూడు నెలలకి నా గొలుసుంది. "నీకెవరూ కూలీ ఇవ్వరు గదా, మరి మనమే ఇచ్చుకుంటన్నాం" అన్నాడు మా ఆయన. కాగితం మీద సంతకం పెట్టి ఆఫీసులో ఇచ్చొచ్చాను. మంజూరు ఇంకా రాలేదు.

పధ్నాలుగు మంది ఉన్నారు. వాళ్లల్లో అందరికంటే పెద్దాయనకి తొంభై దగ్గర. చెవులు సరిగ్గా వినపడవు గాని ఏ ఏడు ఎన్ని బస్తాలకి కుదిరాడో వరసగా చెప్తాడు. ఇప్పటికి రెండుసార్లు కూర్చున్నాను. ఆయన కోడలు కోతలకి పోకుండా ఇంటి దగ్గరుండేది ఆదివారమే. వచ్చే ఆదివారం ఏడింటి బస్సుకే పోతున్నాను.